బాప్తిస్మపు తొట్టిలో వెచ్చని నీళ్ళు

చచ్చినవాడు దేవుడే అయితే, దాన్ని చావు అనవచ్చా?

ఖాళీ తొట్టి అంచున మోకాళ్ళ మీద కూర్చున్న ఇన్‌స్పెక్టర్ నార్మన్ అప్పన్న తనకు తాను వేసుకున్న ప్రశ్న అది. పోలీసు ఉద్యోగానికి పనికివచ్చే ప్రశ్న కాదని అతడికీ తెలుసు. ఎవరు చంపారు, ఎలా చంపారు, మధ్యాహ్నంలోగా దాన్ని ఎలా రుజువు చెయ్యాలి: సోమవారం పొద్దుట అతడి ముందున్న పని అంతవరకే. కాని ఈ మందిరంలో అడుగు పెట్టాక పనికివచ్చే ప్రశ్నలు ఒక్కొక్కటే జారిపోయి, పనికిరానిదే మిగిలింది.

ప్రసంగ వేదిక మీది చెక్కపలకలు తీస్తే కింద కనబడే సిమెంటు తొట్టి అది. సీ కౌ లేక్ ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు, చెరకు తోటల కూలికి సముద్రం దాటి వచ్చిన తాతల నాటి నుంచి అందులోనే మునిగి లేస్తున్నారు. నిన్న ఆదివారం తెల్లవారాక పాస్టర్ సైలస్ నర్సయ్య దాని అడుగున పడి ఉన్నాడు. మొదట చూసినవాడు మందిరం కాపలాదారు ముసా. కిటికీలు తెరవడానికి వచ్చి, తొట్టిలోకి దూకి, శవాన్ని పైకి లాగాడు. పోలీసులు అతడినే పట్టుకుపోయారు. మందిరం తాళంచెవి అతడి నడుముకి ఉంది, పాస్టర్ చేతిగడియారం అతడి జేబులో ఉంది.

ఆ కేసు మీద ఇద్దరి చేతులున్నాయి. ఒకటి నార్మన్‌ది. రెండోది కెప్టెన్ కోగీ పడయాచీది. తెల్లవాళ్ళ పాత ప్రభుత్వంలో రాజకీయ ఖైదీలను ప్రశ్నించే శాఖలో పనిచేసి, ప్రభుత్వం మారినా కుర్చీ మారనివాడు పడయాచీ. మధ్యాహ్నం ముసాను తనకు అప్పగించమని కాగితం పెట్టాడు. తడిపిన గుడ్డసంచిని మనిషి తలకు తొడిగి, మెడ దగ్గర బిగించి, ఊపిరి అందకుండా చేసి మాట రప్పించడం అతడి పాత పద్ధతి. నీళ్ళు లేని చోట కూడా మనిషిని ముంచగలడని స్టేషన్లో చెప్పుకుంటారు.

పొద్దున సెల్లులో ముసా ఒక్క మాటే పదేపదే అన్నాడు. పెదవి చిట్లి ఉంది, మాట సరిగా రావడం లేదు.

"నీళ్ళు వెచ్చగా ఉన్నాయి సార్. అందుకే బతికున్నాడనుకున్నా. అందుకే దూకా."

ఆ వెచ్చదనాన్ని ఇప్పుడు చూపించడానికి చుక్క నీరు లేదు. నిన్ననే పడయాచీ తొట్టి ఖాళీ చేయించాడు.

నార్మన్ లేచి, పక్క హాల్లో కూర్చున్న మ్యూరియెల్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె గ్రీన్‌వుడ్ పార్క్‌లో ఉండే రిటైర్డ్ టీచరు, సండే స్కూలు పెత్తనం ఆమెదే. హాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షగదిలో కాపలా కూర్చున్నట్టు కూర్చుంది.

"పాస్టర్ శుక్రవారం క్లాసుల గురించి చెప్పండి, ఆంటీ."

"క్లాసులంటావేంటి, మ్యాన్! తుఫాను అను. నువ్వూ వచ్చావుగా. వెనక బెంచీలో నక్కితే మ్యూరియెల్‌కి కనబడదనుకున్నావా?"

"మొదటి రెండిటికే వచ్చాను. తరువాతి సంగతి కావాలి."

"మొదటివే నాకు అరగలేదు. తొలినాళ్ళలో కొందరు విశ్వాసులు యేసు మనలాంటి మనిషే అనుకున్నారట. యోర్దాను నీళ్ళలో దిగాక దేవుడు ఆయన్ని కొడుకు చేసుకున్నాడట, దత్తత తీసుకున్నట్టు! ఇంకొందరు అసలు ఆ ఒళ్ళే నిజం కాదన్నారట. కనబడటమేనట. మేకులు దిగినా నొప్పి లేదట. నా పక్కన బెరిల్ ఏడ్చింది తెలుసా?"

"మూడో వారం?"

"అలెగ్జాండ్రియాలో ఎవరో పెద్ద. దేవుడు చేసినవాటిలో క్రీస్తు మొదటివాడు, ఆయన లేని కాలం కూడా ఒకటి ఉండేది అన్నాడట. దాని మీద కొట్టుకున్నారట. చివరికి చక్రవర్తి బిషప్పులందర్నీ పోగేస్తే, తండ్రి ఏ పదార్థమో కొడుకూ అదే పదార్థం అని తేల్చారట. 'చేతులెత్తి ఓటేశారా సైలస్?' అన్నాను. 'దాదాపు అంతే ఆంటీ' అని నవ్వాడు. మనకే సరైన ఓటు వచ్చి రెండేళ్ళయింది, దేవుడు కూడా ఎన్నికల్లో గెలిచాడా అన్నాను. అందరూ నవ్వారు, మీ పెద్దమ్మ తప్ప."

నార్మన్ పెన్ను ఆగింది. "ఎడ్నా పెద్దమ్మ ఏమంది?"

"లేచి నిలబడింది. 'ఆళ్ళూ ఈళ్ళూ ఏం నమ్మినారో సెప్పినావు, నువ్వేం నమ్ముతున్నావు బాబూ' అంది. అచ్చం అలాగే, తెలుగులో. ఇంగ్లీషుకి అలవాటుపడ్డ మాలో సగం మందికి అర్థం కాలేదు. సైలస్‌కి అయింది. చాక్‌పీసు కింద పెట్టేసి, 'తెలీదు అత్తా' అన్నాడు. ఎడ్నా టీ తాగకుండా వెళ్ళిపోయింది. క్లైవ్ పోయాక ఆ మనిషికి దేవుడు తప్ప ఎవరున్నారు చెప్పు?"

క్లైవ్ ఎడ్నా ఒక్కగానొక్క కొడుకు, నార్మన్‌తో కలిసి ఒకే ఇంట్లో పెరిగినవాడు. ఎనభైల్లో ఆ పాత ప్రభుత్వానికి ఎదురుగా కరపత్రాలు పంచుతూ పట్టుబడి, సెల్లులోనే చనిపోయాడు. అప్పటికే నార్మన్ ఒంటి మీద పోలీసు యూనిఫారం ఉంది. ఆ సంగతి మ్యూరియెల్‌కి గుర్తొచ్చినట్టుంది, హాండ్‌బ్యాగు జిప్పు అనవసరంగా లాగి మూసింది.

"నిన్న ఎవరికైనా బాప్తిస్మం ఉందా?"

"లేదు. ఉంటే నాకు తెలియకుండా ఎలా? ముఖం తుడిచే రుమాళ్ళు కుట్టేది మేమేగా. ఆ ముసా చేతిలో చావడానికే తొట్టి నింపించుకున్నాడు పాపం."

వేదిక వెనక గదిలో మేకుకి నల్లని అంగీ, దాని కింద చేపలు పట్టేవాళ్ళు వేసుకునే రబ్బరు తొడుగు వేలాడుతున్నాయి. బాప్తిస్మం ఇచ్చే పాస్టర్ తడవకుండా ఛాతీ దాకా ఆ తొడుగు వేసుకుని, పైన నల్ల అంగీ వేసుకుంటాడు. నార్మన్ తొడుగు లోపల చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది, సాలెగూడు కూడా చెదరలేదు.

శవం మీద ఉన్నది తెల్లని అంగీ. నీళ్ళలో పైకి తేలి పరువు తియ్యకుండా, అంచున సీసపు గుండ్లు పెట్టి కుట్టిన అంగీ. దాన్ని ఇచ్చేవాళ్ళు వేసుకోరు, పుచ్చుకునేవాళ్ళు వేసుకుంటారు. అంటే సైలస్ నర్సయ్య నిన్న తొట్టిలోకి పాస్టర్‌గా దిగలేదు.

డాక్టరు చెప్పిన గుర్తులు ఇప్పుడు వాటంతట అవే అతికాయి. మెడ వెనక నాలుగు వేళ్ళ కమిలిన జాడ, ఛాతీ మీద అరచేతి ముద్ర. పడయాచీ దాన్ని పెనుగులాట అన్నాడు. పదహారో ఏట ఇదే తొట్టిలో నార్మన్ మెడ కింద ఒక చెయ్యి, ముడుచుకున్న చేతుల మీద ఒక చెయ్యి వేసి, వెనక్కి వాల్చి ముంచారు. ఆ పట్టు అతడికి ఇంకా గుర్తే.

ఎవరో పాస్టర్‌కి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చి, లేపలేదు.

అతడు పెరట్లోని రేకుల వంటపాకలోకి నడిచాడు. పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే పెద్ద డెక్‌చీలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కటి మాత్రం నిలబెట్టి ఉంది. దాని అడుగున పొయ్యిసెగకి కాలి పెళుసెక్కిన మట్టి పూత. కట్టెల పొయ్యి మీద పెట్టేముందు గిన్నె అడుగుకి తడిమట్టి మెత్తితే మసి ఆ పూత మీదే పడుతుంది, పని అయ్యాక తోమితే పూతతో పాటే పోతుంది. ఈ పూతను ఎవరూ తోమలేదు. నార్మన్ బొటనవేలితో గీరి వాసన చూశాడు. ఉమ్గేని ఏటి ఒడ్డు నల్లమట్టి. మందిరంలో ఆడవాళ్ళంతా గ్యాసు పొయ్యిలకి మారిపోయి ఏళ్ళయింది. ఇంకా ఏటి మట్టి సంచిలో పట్టుకొచ్చి గిన్నెలకి మెత్తే చాదస్తం ఒక్క మనిషికే ఉంది. పిల్లలు నీళ్ళలో వణకకూడదని బాప్తిస్మపు తొట్టిలో కాచిన నీళ్ళు పోయించే ఆచారం పెట్టిందీ ఆ మనిషే.

నార్మన్ వేలికి అంటిన మట్టిపొడిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఏంటి అప్పన్నా, వంట నేర్చుకుంటున్నావా?"

గుమ్మానికి అడ్డంగా కోగీ పడయాచీ. ఇస్త్రీ చొక్కా, వేళ్ళ మధ్య సిగరెట్టు. లోపలికి వచ్చి అటూ ఇటూ చూసి, సరిగ్గా ఆ డెక్‌చీ అంచు మీదే చెయ్యి ఆనించాడు.

"ముసా పెదవి ఎలా చిట్లింది కెప్టెన్?"

"మెట్ల మీంచి పడ్డాడు."

"ఆ సెల్లు దగ్గర మెట్లు లేవు."

"కొత్త రాజ్యాంగం వచ్చింది కదా. మెట్లు కూడా కట్టించి ఉంటారు." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. "తాళం అతడిది. వాచీ అతడి జేబులో. ఇంకేం కావాలి నీకు, పరలోకం నుంచి సాక్షి దిగిరావాలా?"

"వాచీ గట్టు మీద దొరికిందని అతడే చెప్పాడు. చంపడానికి వచ్చినవాడు ముందు వాచీ తీసి పెట్టమంటాడా? చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. బట్టలు మడత పెట్టి ఉన్నాయి. పాస్టర్ తనంతట తనే నీళ్ళలోకి దిగాడు."

"గౌను వేసుకుని!"

"ఆ గౌను ఎవరు వేసుకుంటారో నీకు తెలుసా?"

"మీ గౌన్ల సంగతి నాకెందుకు? మా ఇంట్లో మురుగన్‌కి గౌను లేదు, హాయిగా ఉన్నాడు." పడయాచీ కళ్ళు సన్నమయ్యాయి. "నీకేదో దొరికింది. ముఖం చూస్తే తెలుస్తోంది. చెప్పు, రాసుకుంటాను."

నార్మన్ తన చూపు డెక్‌చీ మీద పడకుండా చూసుకున్నాడు. పడయాచీ సిగరెట్టు బూడిదను డెక్‌చీలోకి రాల్చాడు.

"తొట్టి ఎందుకు ఖాళీ చేయించావు?"

"మీ ప్రార్థనలకి అడ్డం రాకూడదని. థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయారు మీరు." సిగరెట్టు పారేసి కాలితో నలిపాడు. "మధ్యాహ్నం దాకా నీ టైము. తరువాత అతడు నాతో వస్తాడు. సాయంత్రానికి చెప్పేస్తాడు."

"చెయ్యనిదాన్ని కూడానా?"

"చివరికి అందరూ చెప్తారు అప్పన్నా. ఇన్నేళ్ళ సర్వీసులో చెప్పనివాణ్ణి ఒక్కణ్ణే చూశాను. మొండి కుర్రాడు. మనవాడే, ఇండియనే."

"ఏమయ్యాడు?"

"ఏమవుతాడు? పోయాడు."

పేరు అడగడానికి నార్మన్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. అడిగితే పేరు చెప్తాడు. ఆ పేరు విన్నాక ఈ వంటపాకలోంచి ఇద్దరూ నడిచి బయటికి వెళ్ళరు. అప్పుడు ముసాకి ఎవరూ మిగలరు.

పడయాచీ కారు చప్పుడు దూరమయ్యేదాకా అతడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పెరట్లో కొళాయి ఉంది. పక్కనే కొబ్బరిపీచు ఉంది. ఆ పూత తోమెయ్యడానికి ఎంతో సేపు పట్టదు. అతడు కొళాయి వంక చాలాసేపు చూసి, డెక్‌చీని అలాగే వదిలి, పాకకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఎడ్నా ఏటి వారన తన తోటలో, ముక్కాలి పీట మీద కూర్చుని మెంతికూర కట్టలు కడుతోంది. చలికి ఉన్ని కోటు వేసుకుంది, దాని చేతులు మణికట్లు దాటి కిందికి లాక్కుంది. జీవితమంతా మట్టి తవ్విన చేతులు ఆమెవి. డెబ్భై దగ్గర పడ్డా వాటి బలం తగ్గలేదు.

"ఏటిరా, మొహం అలా అయిపోయినాది? తిన్నావేటి?"

"తిన్నాను పెద్దమ్మా." అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అతడు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "డెక్‌చీ తోమలేదేం?"

ఆమె వేళ్ళలో నార ఆగిపోయింది.

"టైము నేకపోయింది. ముసా గేటు తీస్తన్న సప్పుడైంది. ఎనక తలుపున ఒచ్చేసినాను."

అంతే. బుకాయించాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"నీళ్ళు ఎందుకు కాచావు?"

"సల్లటి నీళ్ళలో ఎలా దింపుతాన్రా? ఆడికి ఉబ్బసం కదా."

నార్మన్ తల వంచుకున్నాడు. ఆ జవాబులో మోసం వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండుననిపించింది.

"మొత్తం చెప్పు పెద్దమ్మా."

"శనివారం ఒచ్చినాడు. ఇక్కడే, నీలాగే కూకున్నాడు. 'అత్తా, నాకు మళ్ళా బాప్తిస్మం ఇయ్యి' అన్నాడు. ఒకసారి అయినాది కదరా, మందిరం పెద్దలు, డీకన్లు, ఒప్పరు అన్నాను. అందుకే నిన్ను అడుగుతన్నాను అన్నాడు. మొదటోళ్ళలో కొందరు నమ్మినారంట, నీళ్ళలోకి మనిసి దిగినాడు, దేవుడి కొడుకు పైకొచ్చినాడు అని. 'ఆ నీళ్ళలో ఏటున్నాదో నేను సూడాల అత్తా. ఏటీ నేకపోతే ఆదివారమే పుల్పిట్ ఎక్కి సెప్పేస్తాను, అక్కడ ఎవులూ నేరు అని' అన్నాడు. నేను అనుకున్నానూ, దిగనీ, ఆయన కనబడతాడు, పిల్లోడికి పిచ్చి వదుల్తాది అని."

"తరువాత?"

"ఒకసారి ముంచి లేపినాను. పైకప్పు కేసి సూసినాడు. 'ఏటీ నేదత్తా.' మళ్ళా ముంచినాను. గట్టిగా ప్రార్థన సేసినాను, గొంతు పోయేదాకా. లేసినాడు. ఏడుస్తన్నాడు. 'ఖాళీ అత్తా. అంతా ఖాళీ. ఇన్నేళ్ళూ మీకు అబద్ధం సెప్పినాను' అన్నాడు. మూడోసారి ఆడే కళ్ళు మూసుకున్నాడు. ముంచినాను."

ఏటి మీద గాలి లేచి మెంతాకులు కదిలాయి.

"అంగీకి సీసం గుండ్లున్నాయి," నార్మన్ తొందరగా అందుకున్నాడు. "బరువుకి నువ్వు లేపలేకపోయావు. చెయ్యి జారింది. అంతే కదా పెద్దమ్మా? అంతే కదా?"

ఎడ్నా అతడి వంక జాలిగా చూసింది. కోటు చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించింది. గోళ్ళు గీరిన గీతలు, ఎండిన రక్తం.

"ఆడు లేవాలనుకున్నాడు. పట్టుకున్నాడు నన్ను. నాకు తెలుసును. నేను సెయ్యి తియ్యనేదు."

"ఎందుకు?"

"మా క్లైవ్‌ని ఉంచిన గదికి నేను ఎల్లినాను కదా. గేటు కాడే ఆపేసినారు. నేను మనిసిని, అందుకే ఆపినారు. ఆయనా ఒట్టి మనిసైతే ఆయన్నీ ఆపేసుంటారు. ఒట్టి నీడైతే ఎల్లి ఏటి లాభం? దెబ్బ తగలనోడు పక్కనుంటే నా బిడ్డకి ఏటి ఒరిగినాది? దేవుడై ఉండాల, నొప్పీ ఉండాల. అప్పుడే ఆ గదిలో ఆడికి తోడు. అది తీసేస్తానంటాడేట్రా సైలసు? నా ఒక్కదానికే కాదు. బెరిల్‌కి, డేజీకి, బిడ్డల్ని పాతిపెట్టుకున్న ఆడోళ్ళందరికీ తీసేస్తానంటాడు."

"అందుకని చంపావు."

"అందుకనే." ఆమె కోటు చెయ్యి కిందికి లాక్కుంది. "ఆడు పోయేక నేనూ సూసినాను పైకప్పు కేసి. ఎంతసేపో సూసినాను."

"ఏం కనబడింది?"

ఆమె సగం కట్టిన మెంతికూర కట్టను విప్పి ఒళ్ళో పరుచుకుంది.

నార్మన్ గడియారం చూసుకున్నాడు. "ముసాని మధ్యాహ్నం పడయాచీ తీసుకెళ్తున్నాడు."

"మాటలడిగి ఒదిలేస్తారన్నావు కదా?"

"నిన్న అలా అనుకున్నాను."

"అలాటి గదిలోకా?"

"అలాంటి గదిలోకే."

ఎడ్నా నోరు కదిలింది కాని ప్రార్థన రాలేదు. అలవాటైన ఆ మొదటి మాట కోసం ఆమె వెతుక్కోవడం, అది దొరకకపోవడం నార్మన్ కళ్ళారా చూశాడు. తల్లి పోయిన ఏడాది పిల్లవాడైన తనను చంకన వేసుకుని ఇదే తోటకి తెచ్చిన మనిషి. ఆమెను మందిరంలో ఎవరూ అనుమానించరు. మణికట్టు గీతలు వారంలో మానిపోతాయి. పాక తాళంచెవి అతడి జేబులో ఉంది. ముసా పేదవాడు, ఊరు కానివాడు. రేపు పేపర్లో అతడి చావు రెండు వాక్యాల వార్తగా పడినా అడిగేవాళ్ళుండరు. నార్మన్ ఈ లెక్క అంతా వేశాడు. వేస్తున్నందుకు తనను అసహ్యించుకున్నాడు, అయినా చివరి దాకా వేశాడు.

క్లైవ్ గదిలోకి ఎవరైనా వెళ్ళారో లేదో అతడికి తెలియదు. సైలస్‌కీ తెలియలేదు. ఎన్ని వందల మంది బిషప్పులు కూర్చుని తేల్చినా తనకు ఎప్పటికీ తెలియదేమో. తెలిసిందల్లా ఒకటి: ఆ రోజు గేటు ఇవతల యూనిఫారంలో ఉన్న తను లోపలికి వెళ్ళలేదు. వెళ్ళే అవకాశం ఉండి, వెళ్ళలేదు.

అతడు లేచి నిలబడి చెయ్యి చాపాడు.

"లే పెద్దమ్మా. చెప్పులు వేసుకో."

"టేషనుకేనా?"

"కాదు. స్టేషనుకి తీసుకెళ్తే పడయాచీ చేతిలో పడతావు. తిన్నగా కోర్టుకి. మేజిస్ట్రేటు ముందు నువ్వే నీ నోటితో చెప్పు. అక్కడ చెప్పినదాన్ని ఎవరూ కొట్టి మార్చలేరు."

"నువ్వు పక్కనుంటావా?"

"ఉండనివ్వరు. గుమ్మం దాకా వస్తాను."

ఆమె కాసేపు అతడి చేతిని చూసి, పట్టుకుని లేచింది. తోట గేటు తీసే ఉంది, వేసి రావాలన్న ధ్యాస ఇద్దరికీ లేకపోయింది. నార్మన్ కారు ముందు తలుపు తెరిచి ఆమెను కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ఇటు వచ్చి ఇంజను స్టార్టు చేశాడు. వైర్‌లెస్ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో మాటా విడదీసి పలికాడు.

"ఇన్‌స్పెక్టర్ అప్పన్న మాట్లాడుతున్నాను. డైరీలో రాసుకోండి, టైముతో సహా. పాస్టర్ నర్సయ్య హత్య కేసులో నిందితురాలు నా అదుపులో ఉంది, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కాపలాదారు ముసాని ఎవరు అడిగినా, ఏ ర్యాంకువాడు అడిగినా, సెల్లు దాటించవద్దు."

అవతలి గొంతు నిందితురాలి పేరు అడిగింది.

"ఎడ్నా అప్పన్న. మా పెద్దమ్మ," అని చెప్పి, అతడు గేరు వేసి కారును కోర్టు దారికి తిప్పాడు.